మబ్బు పట్టిన సాయంత్రం, కుజుడి చందమామలు

సాయంత్రం కాఫీ తాగి, కుజుడు కనిపిస్తాడేమోనని డాబా ఎక్కితే ఆకాశమంతా మబ్బు కమ్ముకొని ఉంది. అరగంట నిలబడి విసుగుతో దిగివచ్చాను గానీ, మధ్యాహ్నం నుంచి మనసులో మెదులుతున్న ఆసఫ్ హాల్, కుజుడి రెండు చందమామలను కనిపెట్టిన అమెరికా ఖగోళ శాస్త్రవేత్త, మాత్రం నన్ను వదలలేదు.

1829లో కనెక్టికట్ రాష్ట్రంలోని గోషెన్‌లో పుట్టిన హాల్, 13 ఏళ్లకే తండ్రిని పోగొట్టుకొని, 16 ఏళ్లకు వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. చదువు మీద మోజు చావక న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కళాశాలలో చేరితే, అక్కడ గణితం బోధించిన ఏంజెలీన్ స్టిక్నీయే 1856లో ఆయన భార్య అయింది. హార్వర్డ్ వేధశాలలో వారానికి 3 డాలర్ల జీతంతో మొదలుపెట్టి, 1862లో వాషింగ్టన్‌లోని నౌకాదళ వేధశాలకు చేరుకున్నాడు.

1877 ఆగస్టులో కుజుడు భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు, 26 అంగుళాల కటకమున్న దూరదర్శినిలో, గ్రహపు వెలుగు కంట్లో పడకుండా దానిని చూపుకు కాస్త పక్కకు తప్పించి, చుట్టుపక్కల చందమామల కోసం వెతికాడు. ఏమీ దొరకక ఇక మానుకుందామనుకున్నాడు. మానుకోకుండా చేసినది ఏంజెలీన్ ప్రోత్సాహమేనని తరువాత ఆయనే రాసుకున్నాడు. 11వ తేదీ రాత్రి కుజుడి పక్కన మసక చుక్క ఒకటి కనిపించింది. దాని స్థానాన్ని ఒక్కసారి కొలిచాడో లేదో, పొటోమాక్ నది మీది నుంచి మంచు లేచి మొత్తం కప్పేసింది. నది పక్కన వేధశాల కట్టాలని ఏ పుణ్యాత్ముడికి తోచిందో! ఆ చుక్క మళ్లీ చిక్కినది 16న. 17న రెండోదీ దొరికింది.

ఈ రెండోది ఒకే రాత్రి కుజుడికి ఇటు ఒకసారి, అటు ఒకసారి కనిపించడంతో, అక్కడ రెండు మూడు చందమామలున్నాయేమోనని హాల్ మొదట తికమకపడ్డాడు. ఉన్నది ఒక్కటే, ఫోబోస్; 7 గంటల 39 నిమిషాలకే కుజుణ్ణి చుట్టివస్తుంది కనుక, అక్కడి నేల మీద నిలబడి చూసేవారికి పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. మొదట దొరికినది డీమోస్. ఫోబోస్ మీద సుమారు 9 కిలోమీటర్ల వెడల్పున్న అతి పెద్ద గుంటకు స్టిక్నీ అని పేరు పెట్టారు. హాల్ ఇంటిపేరు కాదు, ఏంజెలీన్ పుట్టింటి పేరు. నాకు అది ఎంతో నచ్చింది.

రాత్రి పది గంటలకు, ఆరేసిన దుప్పట్లు తీసుకురమ్మని మా ఆవిడ మళ్లీ డాబా మీదికి పంపింది. మబ్బు విడలేదు గానీ, దుప్పట్లు మాత్రం చినుకు పడకముందే ఇంట్లోకి చేరాయి.