నదే దారి

నిన్న రాత్రి అమెరికాలోని పారియా కాన్యన్ నుంచి ఇల్లు చేరాం. పారియా నది రాతిని కోసి చేసిన ఇరుకు లోయ అది. బూట్లు దులిపిన ప్రతిసారీ ఇంకా ఇసుక రాలుతోంది.

యూటాలో మొదలుపెట్టి, అరిజోనాలో ఈ నది కొలరాడో నదిలో కలిసే లీస్ ఫెర్రీ దాకా సుమారు 61 కిలోమీటర్లు. కాలిబాట అంటూ ఏదీ లేదు, నదిలోనే నడవాలి. ఎన్నిసార్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటామో లెక్కపెడదామని మొదలుపెట్టి, నలభై దగ్గర వదిలేశాను.

పారియా అంటే అక్కడి ఆదివాసులైన పాయూట్‌ల భాషలో బురద నీరు. పేరు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు. రాత్రి గిన్నెలో పట్టి ఉంచిన నీళ్ల అడుగున తెల్లారేసరికి మందంగా మడ్డి. అందుకే రాతిగోడలోంచి ఊట కారే చోటు కనబడితే పండగే.

రెండో రోజు నా కుడికాలు తొడ దాకా ఊబిలో దిగింది. లాగినకొద్దీ పట్టు బిగిసింది. వెనక్కి వాలి, కాలిని మెల్లగా ఆడిస్తూ బయటపడ్డాను. దానికన్నా భయపెట్టింది మాత్రం తలెత్తి చూసినప్పుడు, నా ఎత్తుకు రెండింతల పైన గోడల మధ్య ఇరుక్కున్న ఒక చెట్టు మొద్దు. ఎక్కడో ఎగువన వాన పడితే ఇక్కడికి వరద వస్తుంది. మన నెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది.

మన మలాన్ని కూడా సంచిలో మోసుకు రావాలన్న నియమం సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఫొటోలు చూసి అమ్మ అంది: "అంత దూరం పోయి బురదలో నడిచావా? మన పొలంలో లేదా అది?"