ఎఫ్ పైలస్ నిర్మాణం తేల్చడం: నా అనుభవం

ప్లాస్మిడ్ అనే చిన్న వలయాకార డీఎన్ఏను పక్క కణానికి అందించేందుకు బ్యాక్టీరియా చాచే సన్నటి గొట్టం ఎఫ్ పైలస్. మందం తొమ్మిది నానోమీటర్ల లోపే, లోపలి రంధ్రం సుమారు 2.8. దీని నిర్మాణం చూడాలంటే ముందు బ్యాక్టీరియా స్ట్రెయిన్ (రకం) సరిగ్గా కుదరాలి. ఫ్లాజెల్లా (ఈదే తోకలు), టైప్ 1 పిలై (మరో రకం పైలస్‌లు) రెండూ లేని ఈ.కోలైలో, ఎఫ్ తరహా పైలస్ తయారుచేయించే పీఈడీ208 ప్లాస్మిడ్ పెట్టి పెంచుతాను. ఫ్లాజెల్లా 20 నానోమీటర్ల లావుంటాయి, చూడగానే తెలిసిపోతాయి. టైప్ 1 పిలై ఏడే, దాదాపు మన పైలస్ అంత. అవి కలిస్తే ఏరడం నరకం.

అగార్ మీద 37 డిగ్రీల వద్ద రాత్రంతా పెంచి, గీకి, ఎస్ఎస్‌సీ (ఉప్పు, సోడియం సిట్రేట్) బఫర్‌లో 4 డిగ్రీల వద్ద మెల్లగా తిప్పితే చాలు, పిలై ఊడొస్తాయి. ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్ జోలికి పోవద్దు: కణాలు పగిలి డీఎన్ఏ బయటికొచ్చి ద్రవమంతా జిగురుగా సాగుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జి (గురుత్వానికి పదివేల రెట్లు) వద్ద 20 నిమిషాలు, రెండుసార్లు తిప్పి కణాలను దించేయాలి. పైతేటకు 5 శాతం పెగ్ 6000 (పాలీఇథిలీన్ గ్లైకాల్), 0.5 మోలార్ ఉప్పు కలిపి ఐస్‌లో ఉంచితే పిలై అడుగున చేరతాయి. తర్వాత సాంద్రతను బట్టి వేరుచేసే సీసియం క్లోరైడ్ గ్రేడియెంట్, ఆపైన ఆ లవణాన్ని తొలగించే డయాలసిస్. డయాలసిస్‌లో తొందరపడితే మిగిలిన సీసియం వల్ల క్రయో చిత్రాల్లో (గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసేవి) కాంట్రాస్ట్ పడిపోతుంది. డిటర్జెంట్ ఏ దశలోనూ వాడను, కారణం చివర్లో తెలుస్తుంది.

ఆ చిత్రాల నుంచి త్రీడీ మ్యాప్ కట్టేటప్పుడు అసలు చిక్కు హెలికల్ సిమెట్రీ (మెలికలో అణువులు పునరావృతమయ్యే తీరు) దగ్గర. ఈ పైలస్‌లో పొరకు ఐదు ట్రాఏ (పైలస్‌ను కట్టే ప్రొటీన్) అణువులు. ఒక్కో పొర 12.1 ఆంగ్‌స్ట్రాంలు పైకి జరిగి 28.2 డిగ్రీలు తిరుగుతుంది. తప్పు సిమెట్రీ ఇచ్చినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుని చక్కటి రిజల్యూషన్ అంకె చూపిస్తుంది. అంకెను నమ్మను. ఆల్ఫా హెలిక్స్‌లు తెగకుండా సాగుతున్నాయా, పక్క గొలుసుల బొడిపెలు సీక్వెన్స్‌తో సరిపోతున్నాయా అని మ్యాప్‌ను తిప్పి తిప్పి చూస్తాను. హెలిక్స్‌లు ఎడమచేతి వాటంగా కనిపిస్తే మ్యాప్ మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడినట్టే.

ప్రొటీన్ గొలుసంతా అమర్చాక కూడా మ్యాప్‌లో ప్రతి ట్రాఏ పక్కన కొంత సాంద్రత మిగులుతుంది. దాన్ని శబ్దమని చెరిపేయకూడదు. అది ఫాస్ఫాటిడైల్ గ్లిసరాల్ అనే లిపిడ్ (కొవ్వు), ట్రాఏకి ఒకటి చొప్పున. డిటర్జెంట్ వాడితే ఇది కడిగిపోతుందనే దాన్ని దూరం పెట్టాను. 2016లో లండన్‌లోని గాబ్రియెల్ వాక్స్‌మన్ బృందం నిరూపించింది. లిపిడ్‌ను తీసేసి లెక్కిస్తే రంధ్రం గోడ గట్టి ధనావేశంతో వస్తుంది. లిపిడ్‌తో కలిపి లెక్కిస్తే కాస్త ఋణావేశంలోకి మారుతుంది. ఋణావేశమున్న డీఎన్ఏ గోడకు అంటుకోకుండా జారడానికి ఇదే వీలు కల్పిస్తుందన్న వాళ్ల వివరణ నాకు పూర్తిగా సబబనిపిస్తుంది.