టైరు అరగలేదు, వయసైపోయింది

మా మామ షెడ్డులో ఏళ్ళ తరబడి నిలబడిపోయిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకును 2024లో కడపకు తెచ్చుకున్నాను. 2013 మోడల్, తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లే. గుండ్రటి హెడ్‌లైటు, పుల్లల (స్పోకుల) చక్రాలు... ఆ పాతకాలపు రూపమంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆయిలు మార్పించాను, బ్రేకులు చూపించాను, కొత్త బ్యాటరీ వేయించాను. టైర్ల జోలికి మాత్రం పోలేదు. గాడులు లోతుగానే ఉన్నాయి కదా అనుకున్నాను.

జూలైలో ఒకరోజు నేనూ నా భార్యా రాయచోటి నుంచి వస్తున్నాం. గువ్వలచెరువు ఘాట్‌లో అప్పుడే సన్న జల్లు పడి ఆగింది. మలుపులో ముందున్న లారీ నెమ్మదించింది. వెనక బ్రేకు తొక్కానో లేదో, వెనక చక్రం పక్కకు జారిపోయింది. బ్రేకు వదిలేసి, కాలు ఆనించి ఎలాగో నిలబెట్టాను. పడలేదు. కానీ ఇంటికి వచ్చేదాకా తను నా భుజం మీద పట్టు వదల్లేదు, ఒక్క మాటా మాట్లాడలేదు.

మరుసటి రోజు మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన వెనక టైరు మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కాడు. గోరు దిగలేదు. "ఇది రబ్బరు కాదన్నా, చెక్క" అన్నాడు. టైరు పక్క భాగాన్ని తడిగుడ్డతో తుడిస్తే, ఎండిన చెరువులో నెర్రెల్లాగా సన్నటి చీలికలు బయటపడ్డాయి. అక్కడే డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూపించాడు: 1813. 2013లో పద్దెనిమిదో వారం తయారైన టైరు. అంటే పదకొండేళ్ళు. బండి తిరిగినా తిరక్కపోయినా ఎండకూ గాలికీ రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. గట్టిపడ్డ రబ్బరుకు తడి రోడ్డు మీద పట్టు ఉండదు, గాడులు ఎంత లోతున్నా సరే. మన కడప ఎండల సంగతి వేరే చెప్పాలా!

కొత్త టైర్ల విషయంలో నాకున్న కోరిక ఒకటే, బండి రూపం చెడకూడదు. వెనక ఇంకా లావు టైరు వేయించు, చూడ్డానికి బలంగా ఉంటుందని స్నేహితుడు పట్టుబట్టాడు. భాయ్ ఒప్పుకోలేదు. రిమ్ము వెడల్పుకు మించిన టైరు వేస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి ఆకారం మారుతుంది, బండి వంగినప్పుడు రోడ్డును సరిగా పట్టుకోదు, చెయిన్‌కు రాసుకునే ప్రమాదమూ ఉంది. కంపెనీ ఇచ్చిన కొలతే తీసుకోమన్నాడు: ముందు 90/90-19, వెనక 110/90-18. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము సైజు. వాటి పక్కనుండే అంకె, అక్షరం టైరు మోయగల బరువునూ తట్టుకునే వేగాన్నీ చెబుతాయి. అవి పాతవాటికంటే తగ్గకూడదు.

ఏడు రోడ్ల దగ్గర ఒక షాపులో సరిగ్గా అదే కొలత దొరికింది. ధర కూడా తగ్గిస్తానన్నాడు. పైన నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే చివరి అంకెలు 19. ఐదేళ్ళ సరుకు! "ప్యాకింగ్ కూడా విప్పలేదు సార్, కొత్తదే" అన్నాడు. నాకు కోపమే వచ్చింది. ఘాట్‌లో నా వెనక కూర్చునే మనిషి ప్రాణం ఆ రబ్బరు మీదే ఉంటుంది. మాట పెంచకుండా బయటికి వచ్చేశాను. రెండో షాపులో అడగకముందే తేదీ చూపించారు, రెండు నెలల కిందటి టైర్లు. ముందు చక్రానికి పొడవు గాడులున్నదీ, వెనక చక్రానికి బిళ్ళల నమూనాదీ తీసుకున్నాను. ఐఎస్ఐ గుర్తు చూసుకున్నాను. బండి రూపం ఏమాత్రం చెడలేదు.

ట్యూబులు పాతవే వేసుకుందామనుకున్నాను. భాయ్ ఒక ట్యూబును బయటికి లాగి చూపించాడు. సాగిపోయి, ఒకచోట మడత పడి, ఆ మడత దగ్గర రబ్బరు పల్చబడి ఉంది. మా బండి పుల్లల చక్రానికి ట్యూబు తప్పదు, అది పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది. రెండూ కొత్తవి వేయించాను. రిమ్ముకు పట్టిన తుప్పు గీకించి, పుల్లల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ టేపు కూడా మార్పించాను. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందని నేనే వంగి చూసుకున్నాను.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి నూట యాభై కిలోమీటర్లు గట్టిగా వంచకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా మెల్లగా తిప్పాను. గాలి మాత్రం పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే, బండి పుస్తకంలో రాసినంతే పట్టిస్తున్నాను.

దసరాకు మళ్ళీ ఘాట్ ఎక్కాం. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని దిగుతుంటే చినుకులు మొదలయ్యాయి. అదే మలుపులో మెల్లగా బ్రేకు వేశాను, బండి ఉన్న గీత మీదే ఉంది. తన చెయ్యి నా భుజం మీద మామూలుగానే ఉంది.

నిన్న మా తమ్ముడి బండి కూడా తుడిచి చూశాను. 2216 అని ఉంది. ఆదివారం దాన్నీ అదే షాపుకు తీసుకుపోతున్నాను.