రెండు శిఖరాలు

తెర మీది ఎక్స్-రే పటంలో ఆ రెండు శిఖరాలు ఈ రోజు దాదాపు ఒకటైపోయాయి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నేను పనిచేస్తున్న పదార్థం జెర్మేనియం టెల్యూరైడ్, వేడి నుంచి కరెంటు తీసేది. దాని స్ఫటికంలో 90 డిగ్రీలు ఉండవలసిన కోణం 88 చిల్లర దగ్గరే ఆగిపోతుంది. జెర్మేనియం పరమాణువు నడిమధ్య కుదురుగా కూర్చోదు, ఒక వైపు జరుగుతుంది. పటంలో ఒకే శిఖరం రెండుగా చీలేది అందుకే. కాస్త యాంటిమనీ అనే మూలకం కలిపితే ఆ వంకర తగ్గుతుంది.

పూర్తిగా సరిచేయడమే మేలని మొదట్లో అనుకునేదాన్ని. కాదు! ఏ కొద్దిగానో వంకర మిగిలినప్పుడే విద్యుత్తు సాగే దారులు శక్తిలో దగ్గరపడతాయి. వేడిని మోసే కంపనాలు మాత్రం తడబడతాయి. వేడి నుంచి కరెంటు తీసే పదార్థానికి ఇంతకంటే ఏం కావాలి?

రేపు యాంటిమనీ కొంచెం తగ్గించి మళ్లీ కొలిమిలో పెడతాను.