రొట్టె బాకీ తీర్చడానికి నెల్లూరు వెళ్లాను

గుడికి వెళ్లినా దర్గాకు వెళ్లినా కోరిక మనసులోనే చెప్పుకుంటాం, పక్కవారికి వినపడదు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో అలా కుదరదు. మీకు ఏది కరువో ముక్కూమొహం తెలియని మనిషికి, అదీ చెరువు నీళ్లలో నిలబడి, గట్టిగా చెప్పాలి. నాలాంటి మొహమాటస్థుడికి అసలు పరీక్ష అదే.

2024లో ఇల్లు కావాలని కోరుకుంటూ, ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి గృహ రొట్టె తీసుకున్నాను. ఇల్లు అమరింది. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే పేరుతో రొట్టె ఇంకొకరికి ఇవ్వాలన్నది ఇక్కడి ఆనవాయితీ. అందుకే 2025లో పెద్దమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. మొహర్రం నెలను బట్టి వచ్చే పండుగ కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూలై 17న మొదలైతే 2025లో జూలై 6నే వచ్చేసింది. పాత తేదీ గుర్తుపెట్టుకుని టికెట్లు కొనకండి.

గంధమహోత్సవం రాత్రి నెల్లూరులోని కోటమిట్ట నుంచి 12 బిందెల్లో గంధం తెచ్చి షహీదుల, అంటే అమరవీరుల సమాధులకు పూస్తారు. ఆ గంధం కోసం జనం ఎగబడతారు. పెద్దవయసు వాళ్లతో వెళ్లేవారు ఆ రాత్రి బసలో ఉండిపోవడమే మేలు. మేమూ అదే చేసి, మర్నాడు తెల్లవారాక వెళ్లాం.

క్యూలో నిలబడ్డంతసేపూ పెద్దమ్మ ముందున్నవాళ్లకు కథ చెబుతూనే ఉంది. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగిన 12 మంది వీరుల మొండేలను గుర్రాలు ఈ చెరువు గట్టుకు చేర్చాయట. ఆర్కాటు నవాబు భార్య జబ్బుకు ఈ సమాధుల మట్టే మందని, ఇక్కడ బట్టలు ఉతుక్కునే దంపతులకు కలలో తెలిసిందట. జబ్బు నయమయ్యాక నవాబు దంపతులు వచ్చి రొట్టెలు పంచారట. వింటున్నవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ.

స్వర్ణాల చెరువు ఘాట్‌లో ఏ రొట్టె ఎక్కడో బోర్డులు ఉంటాయి. ఉద్యోగం, వివాహం, సంతానం, విద్య, ఆరోగ్యం, విదేశీయానం. మనిషికి ఎన్ని కోరికలో అన్ని రొట్టెలు. ఉద్యోగ రొట్టె దగ్గర తోపులాట చూస్తే ఏ సర్వేలూ అక్కర్లేదనిపించింది.

మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, తల మీద తువ్వాలు కప్పుకుని, ఇంటి నుంచి తెచ్చిన గోధుమ రొట్టెల డబ్బా తెరిచాను. నోరు పెగల్లేదు. చివరకు పెద్దమ్మే “గృహ రొట్టె! గృహ రొట్టె!” అని అరిచింది. చంటిబిడ్డను చంకనేసుకున్న ఒక అమ్మాయి కొంగు పట్టింది కానీ, వెంటనే తీసుకోలేదు.

“ఇల్లు నిజంగానే వచ్చిందా అన్నా?”

“వచ్చిందమ్మా. అప్పే ఇంకా తీరలేదు.”

ఆమె నవ్వి, రొట్టె తుంచి ముందు బిడ్డ నోట్లో పెట్టింది. ఇచ్చేవాడికి ఇంత సంతోషం ఉంటుందని అంతకుముందు ఏడు తీసుకునేటప్పుడు తెలియలేదు.

తర్వాత పెద్దమ్మ కోసం ఆరోగ్య రొట్టె వేట మొదలైంది. అడిగేవాళ్లు బోలెడు, ఇచ్చేవాళ్లు తక్కువ. చివరికి కర్ణాటక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దొరికింది. తన బాధేమిటో చెప్పడానికి కన్నడ రాక, పెద్దమ్మ తన మోకాలి మీద అరచేత్తో టపటపా కొట్టి చూపించింది. ఆవిడ కూడా తన మోకాలు తట్టి, రెండు అడుగులు చకచకా వేసి చూపించి, రొట్టె చేతిలో పెట్టింది.

గట్టెక్కాక పెద్దమ్మకు పెద్ద సందేహం వచ్చింది. “నొప్పులు సగమే తగ్గితే వచ్చే ఏడు రొట్టె ఇవ్వాలా, తీసుకోవాలా?”

పక్కన చీర కుచ్చిళ్లు పిండుకుంటున్న ఒకామె అందుకుంది. “ఒకటి ఇచ్చి, ఒకటి తీసుకో అక్కా.”

పెద్దమ్మకు అది నచ్చింది.