పసుపు గీత వెనుదిరిగే చోటు: నా అనుభవం

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినవారికి స్పెక్ట్రోమీటర్ (ప్రిజం కాంతిని ఎంత కోణంలో వంచుతుందో కొలిచే పరికరం) ప్రయోగం గుర్తుండే ఉంటుంది. వక్రీభవన గుణకం, అంటే శూన్యంలోకంటే ఒక పదార్థంలో కాంతి వేగం ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే సంఖ్య, కనుక్కునే సూత్రం ఒక్క వరుసే. అందులో వేయాల్సిన రెండు కోణాల కోసం మాత్రం మధ్యాహ్నమంతా చీకటి గదిలో గడపాలి. నాకు అన్నిటికంటే నచ్చిన ప్రాక్టికల్ అదే.

సోడియం దీపం వేయగానే పసుపు కాంతి రాదు. మొదట ఎర్రగా వెలిగి, కొన్ని నిమిషాలకు రంగు మారుతుంది. ఆలోగా టెలిస్కోప్‌ను కిటికీ వైపు తిప్పి, దూరపు చెట్టు స్పష్టంగా కనిపించేలా సరిచేయాలి. ఆపైన దాని ఫోకస్ కదపకుండా, దీపం కాంతి వచ్చే చీలిక సన్నని గీతలా తేలేవరకు కొలిమేటర్‌ను (ఆ కాంతిని సమాంతర కిరణాలుగా మార్చే గొట్టాన్ని) సర్దాలి. కిరణాలు సమాంతరంగా వస్తున్నాయనడానికి అదే గుర్తు. ఈ ఓపిక లేకపోతే తర్వాత తీసుకునే కొలతలకు విలువ లేదు.

ముందుగా ప్రిజం కోణం, అంటే కాంతి వచ్చి వెళ్లే రెండు ముఖాల మధ్య కోణం, కొలిచాను: 60 డిగ్రీలు. ఇక అసలు ఘట్టం. టెలిస్కోప్ జోలికి పోకుండా, ప్రిజం ముఖంలోకి నేరుగా కంటితో చూస్తే పసుపు గీత దొరుకుతుంది. దొరికాక ప్రిజం ఉంచిన చిన్న బల్లను మెల్లగా తిప్పాలి. కాంతి నేరుగా వచ్చే దిశవైపు గీత జరుగుతూ, నెమ్మదించి, ఒకచోట ఆగుతుంది. బల్లను అదే వైపు తిప్పుతున్నా సరే, అక్కడినుంచి వెనక్కి మళ్లుతుంది! ఆ మలుపే కనిష్ఠ విచలనం, అంటే కిరణం తన అసలు దిశనుంచి అతి తక్కువగా పక్కకు తిరిగే స్థానం. అక్కడ కిరణం ప్రిజంలోకి ఎంత కోణంతో వచ్చిందో అంతే కోణంతో బయటికి వెళ్తుంది. ఆ స్థానం దగ్గర బల్ల రవ్వంత అటూ ఇటూ అయినా విచలనం దాదాపు మారదు. ఈ పద్ధతిని నమ్మదగినదిగా చేసేది ఆ గుణమే.

గాజు ప్రిజంకు కనిష్ఠ విచలనం దాదాపు 39 డిగ్రీలు వచ్చింది, అంటే గుణకం 1.52. శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి ఆ గాజులో సుమారు 2 లక్షలకు తగ్గుతుందన్నమాట.

తర్వాత గాజు పలకలతో చేసిన బోలు ప్రిజంలో నీళ్లు పోశాము. విచలనం 23.5 డిగ్రీలు, గుణకం 1.33. అక్కడే నాకు సందేహం వచ్చింది.

“మేడం, కాంతి గాజు గోడల్లోంచి కూడా వెళ్తోంది కదా. వాటిని లెక్కలోకి తీసుకోవద్దా?”

“నీళ్లు పారబోసి చూడు” అన్నారు.

ఖాళీ ప్రిజం పెట్టి చూస్తే గీత నేరుగా వచ్చే దిశలోనే నిలిచి ఉంది! గోడ రెండు వైపులా సమాంతరం. గాలినుంచి గాజులోకి వెళ్తూ కిరణం ఎంత వంగుతుందో, గాజునుంచి గాలిలోకి వస్తూ అంతే తిరిగి సరిపోతుంది. కాస్త పక్కకు జరుగుతుందే తప్ప దిశ మారదు. లోపల నీళ్లున్నా అంతే: గుణకాన్ని కోణపు సైన్‌తో గుణిస్తే వచ్చే విలువ గాలిలో, గాజులో, నీటిలో ఒక్కటే కాబట్టి, మధ్యనున్న సమాంతర గాజు లెక్కలోంచి తప్పుకుంటుంది. నీటిలో కిరణం దిశ, గోడే లేకపోతే ఎలా ఉండేదో అలాగే ఉంటుంది.

అప్పుడు మేడం అదే ప్రిజంలో గ్లిజరిన్ పోయించారు. ఈసారి గీత దాదాపు 35 డిగ్రీల దగ్గర వెనుదిరిగింది.