ముప్పై మూడేండ్లు దిగని స్టాపులు

అలంపూర్ చౌరస్తా అని ఎన్ని వేలసార్లు అరిచిననో లెక్కలేదు. "చౌరస్తా దిగేటోళ్లు ముందుకు రావాలె, సామాన్లు చూసుకోండ్రి" అనే మాట నిద్రలో గూడ అంటానని మా ఇంటామె చెప్తది. జోగులాంబ అమ్మవారికి మొక్కు తీర్చుకునేటందుకు వచ్చిన ఆడోళ్లను, పుట్టెంట్రుకల పిల్లలను, కొబ్బరికాయల సంచులను హైవే మీద దింపి, రైట్ చెప్పి కర్నూలు దిక్కు పోయెటోన్ని. ఆ అమ్మవారిని మాత్రం 2023 ఆగస్టు దాకా నేను చూడలేదు.

మహబూబ్‌నగర్ డిపోలో 1990లో కండక్టర్‌గా చేరిన. 2023 జూలైలో అరవై నిండి రిటైర్ అయిన.

మొన్న డిపో ముందర చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు కలిసిండు. వచ్చే మార్చిలో ఆయన వంతు. "అన్నా, పైసలు సరిపోతయా? పొద్దు ఎట్ల పోతది?" అని ఒక్క ఊపిరిలో రెండూ అడిగిండు. అక్కడ నిలబడి సరిగ్గా చెప్పలేకపోయిన. ఇంటికొచ్చి కూసొని ఇది రాస్తున్న.

తమ్మీ, ముందు పైసల సంగతి. నా పెన్షన్ నెలకు 3,640 రూపాయలు. ముప్పై మూడేండ్ల నౌకరికి ఇంతేనా అని అందరూ అడుగుతరు. మనది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ ఆఫీసోళ్లు ఇచ్చే పెన్షన్. అసలు జీతం ఎంతున్నా 2014 ఆగస్టు దాకా 6,500 మీదనే లెక్క, ఆ తర్వాత 15,000 మీద. దాన్ని ఆ స్కీములో లెక్కకొచ్చే సర్వీసు ఏండ్లతో గుణించి 70తో భాగిస్తరు. కాయితం పెన్ను తీసుకొని నీది నువ్వే వేసుకో. ఇప్పుడే వేసుకో. రిటైరైన రోజు తెలిస్తే గుండె మీద రాయి పడ్డట్టు ఉంటది, ఏడాది ముందు తెలిస్తే తట్టుకుంటవు.

పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి వచ్చినదాంట్ల బిడ్డ పెండ్లి బాకీలు తీర్చి, ఇంటికి స్లాబు మరమ్మతు చేయించి, అరవై వేలు దవాఖాన ఖర్చుకని బ్యాంకులో పక్కకు పెట్టిన. మిగిలింది పదిహేనున్నర లక్షలు. పద్నాలుగు లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేసిన. మిగిలిన లక్షన్నర ఒక తెలిసినాయనకు ఇచ్చిన, నూటికి మూడు రూపాయల మిత్తి అన్నడు. నాలుగు నెలలు మిత్తి చేతికొచ్చింది. ఐదో నెల ఫోన్ ఎత్తలేదు. ఆరో నెలకు ఇంటికి తాళం. ఆ లక్షన్నర నేను ఎన్ని రాత్రులు నైట్ హాల్ట్ పండుకొని సంపాదించిందో నాకు తెలుసు. ఇప్పటికీ గుర్తొస్తే అన్నం సయించదు. తమ్మీ, డిపో గేటు బయట నీ కోసం గూడ ఇట్లాంటోళ్లు కాసుకొని ఉంటరు. నీ చేతికి పైసలొచ్చే తారీఖు నీకంటే ముందు వాళ్లకే తెలుస్తది.

పోస్టాఫీసు పైసలకు 8.2 శాతం మిత్తి. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి నెలల్ల, మూడు నెలలకోసారి 28,700 ఖాతాలో పడ్తది. మనం వేసిన రోజు ఉన్న రేటు ఐదేండ్లు మారదు. ఆ మిత్తిని అందులనే వదిలేస్తే మిత్తి మీద మిత్తి రాదు, కాబట్టి పడ్డదాన్ని పడ్డట్టు తీసుకోవాలె. పెన్షన్ కలిపితే నెలకు 13,200 అవుతది. ఇల్లు సొంతం, రెండర్రలు. ఇద్దరం మనుషులం.

ఆ పదమూడు వేలకు నేను ఎస్.ఆర్. రాస్తున్న, అంటే కండక్టర్ టికెట్ల లెక్క రాసే కాయితం. డ్యూటీలో ఎట్ల రాస్తిమో అట్లనే. రెండొందల పేజీల నోటుబుక్కులో స్కేలు పెట్టి గీతలు గీసిన. ఓపెనింగ్, క్లోజింగ్, మధ్యల తేడా. టికెట్ కొట్టే టిమ్ మిషన్లు రాకముందు స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు రాసిన చెయ్యి ఇది, దీనికి వేరే పద్ధతి రాదు. బియ్యం, పాలు, కరెంటు, గ్యాసు, మా ఇద్దరి బీపీ గోలీలు, పండుగకు బిడ్డ వస్తే ఖర్చు. గోలీలు జన ఔషధి దుకాణంలో తీసుకునుడు మొదలుపెట్టినంక ఆ గీతలో అంకె సగానికి దిగింది. అన్నిటికంటే కింద ఒక గీత ఉంటది, దాని పేరు "దిగుడు ఖాతా". నెలకు వెయ్యి రూపాయలు. దాని కథ చెప్పాలనే ఇదంతా రాస్తున్న.

రిటైరైన మొదటి నెల పొద్దుగాల మూడున్నరకే మెలకువ వచ్చేది. లేచి వాకిట్ల కూసునేటోన్ని. ఫస్ట్ సర్వీసులు డిపో నుంచి బయటపడే చప్పుడు మా ఇంటి దాకా వినిపిస్తది. ఏ బస్సు ఏ రూటో గేరు మార్చిన చప్పుడుతోనే చెప్పేటోన్ని. ఒకనాడు మా ఇంటామె చాయ్ తెచ్చిచ్చి, "అన్ని ఊర్ల పేర్లు చెప్తవు, ఒక్క ఊరన్న నన్ను తీస్కపోయినవా?" అన్నది. అన్నది కోపంతోని కాదు, మామూలుగానే. నేను ఆలోచించిన. ఆమెను తీస్కపోవుడు సంగతి పక్కన పెట్టు, నేనే ఏ ఊర్లో దిగిన?

నైట్ హాల్ట్ ఊర్లు తీసుకుందాం. రాత్రి తొమ్మిదింటికి చేరుతం. పంచాయతీ ఆఫీసు అరుగు మీదనో బస్సులో సీట్ల మధ్యనో పండుకుంటం. పొద్దుగాల ఐదింటికి తిరిగి బయలుదేరుతం. ఒక్కో ఊరికి నూరు రాత్రులు పోయి ఉంట. ఆ ఊర్లన్నీ నేను చీకట్లనే చూసిన. కోయిలకొండ అవతల ఒక ఊరున్నది. దానికి అంత పెద్ద చెరువు ఉన్నదని, కట్ట పొడుగునా ఈత చెట్లున్నయని నాకు రిటైరైనంకనే తెలిసింది. చెరువు మీద గాలి రాత్రిళ్లు మొహానికి తగిలేది, అది ఎక్కడి నుంచి వస్తున్నదో ఏనాడూ అడగలేదు.

అట్ల మొదలైంది. ముందు అలంపూర్. అప్పటికి ఆడోళ్లకు ఫ్రీ బస్సు రాలేదు, ఇద్దరికీ టికెట్ తీసిన. చౌరస్తాలో దిగి ఆటోలో ఊర్లోకి పోతుంటే మా ఇంటామె నా చెయ్యి పట్టుకున్నది. అమ్మవారిని చూసి, తుంగభద్ర ఒడ్డున కూసొని, నవబ్రహ్మ గుళ్లన్నీ ఒకటొకటి తిరిగినం. బాదామి చాళుక్యుల నాటివి, పదమూడు వందల ఏండ్ల కిందటివి. అక్కడనే సంగమేశ్వరుని గుడి ఉన్నది. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునిగిపోతుందని కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లా నిలబెట్టిండ్రు. ఆ గోడకు వీపు ఆనించి సద్ది విప్పినం. జొన్నరొట్టె, పల్లీల తొక్కు. అన్నేండ్లు హైవే మీద నిలబడి ఇంత దగ్గర ఉన్నదాన్ని చూడకుండ పోయిన గదా అని కడుపు తరుక్కుపోయింది.

ఇప్పుడు దిగుడు ఖాతా పైసలతోని ప్రతి బేస్తవారం ఒక స్టాపు. నియమం ఒక్కటే, డ్యూటీలో ఎన్నడూ దిగని చోట దిగాలె. పెబ్బేరు, శ్రీరంగాపూర్, గంగాపూర్ చెన్నకేశవుని గుడి, కోయిల్‌సాగర్ కట్ట. కోయిల్‌సాగర్ కింద వరి మళ్లు చూసి చానాసేపు నిలబడ్డ. ఆ దిక్కు ఊర్ల నుంచే ఒకప్పుడు బొంబాయి బతుకపోయెటోళ్లను మూటలతోని, పొయ్యి మీది గిన్నెలతోని ఎక్కించుకునేటోన్ని. ముసలోళ్లు బస్సు కిటికీ పట్టుకొని నడిచేటోళ్లు, నేను రైట్ చెప్పాలె. ఆ రైట్ చెప్పుడు చానా కష్టంగా ఉండేది.

కురుమూర్తి జాతర సంగతి ఇంకో తీరు. దీపావళి పోయినంక జాతరకు స్పెషల్ బస్సులు నడుస్తయి. ఇరవై ఏండ్లకు పైగా నాకు అక్కడ డ్యూటీ పడ్డది. నేను చూసిందల్లా బస్సులు ఆగే మైదానం, దుమ్ము, చిల్లర కోసం కొట్లాట. రిటైరైన ఏడాది ఉద్దాల రోజు పోయిన. వడ్డెమాన్‌లో నిష్ఠతోని కుట్టిన స్వామి చెప్పులు ఊరేగింపుగా వస్తయి. జనం నడుమ తోసుకుంట పోయి వాటిని కండ్లకద్దుకున్న. తోలు వాసన ఇంకా ముక్కులో ఉన్నది. కొండెక్కి గుహలో ఉన్న స్వామిని చూసి, కింద మైదానం దిక్కు చూస్తే బస్సులు అగ్గిపెట్టెల లెక్క ఉన్నయి. వాటి నడుమ ఎక్కడనో ఒక కండక్టర్ బ్యాగు పట్టుకొని నిలబడి ఉంటడు. కొండ మీది నుంచే దండం పెట్టిన, స్వామికి ఒకటి, ఆ పిలగానికి ఒకటి.

బస్సు ఎక్కుడు గూడ నేను కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది. ముప్పై మూడేండ్లు బస్సు ఎక్కంగనే తలకాయలు లెక్కపెట్టిన. టికెట్ లేని తలకాయ ఒక్కటి దొరికినా కేసు మన మీదనే. ఏ మూల మీద చెకింగోళ్లు జీపు ఆపుతరో అని కడుపులో ఒక ముడి ఎప్పుడూ ఉండేది. రిటైరైనంక గూడ కిటికీ సీట్లో కూసొని ఇరవై మూడు, ఇరవై నాలుగు అని లెక్కపెడ్తనే ఉన్న. అది పోయేటందుకు ఏడాది పట్టింది. దేవరకద్ర దాటినంక ఒకనాడు వాన మొదలైంది. కిటికీలో నుంచి చూస్తనే ఉన్న, మక్తల్ వచ్చేసింది. బస్సులో ఎందరున్నరో నాకు తెలియదు. ఆ రోజు నేను నిజంగా రిటైర్ అయిన.

2023 డిసెంబర్ 9 నుంచి మా ఇంటామెకు బస్సు ఫ్రీ. ఫ్రీ అయినా కండక్టర్ మిషన్ కొట్టి జీరో టికెట్ ఇయ్యాలె, ఆమె దాన్ని మడిచి పర్సులో దాచుకుంటది. ఇప్పుడు ఆమె నాతోని వచ్చేది నెలకు రెండుసార్లే. మిగతా రోజుల్ల ఒక్కతే కోస్గిలో చెల్లె ఇంటికి పోయొస్తది. పెండ్లైనంక ఒక్కతే బస్సెక్కింది అదే మొదలు.

పోయిన ఏడాది మక్తల్ దిక్కు ఒక ఊర్లో దిగిన. తొమ్మిదేండ్లు నాతోని పని చేసిన డ్రైవరన్న అక్కడ ఉంటడు. పోయేసరికి మంచం మీద కూసొని ఉన్నడు, మనిషి సగమైండు. మూడు నెలల నుంచి పెన్షన్ పడుతలేదట. బతికే ఉన్నమని ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గడువు దాటింది. వేలిముద్రకు పోతే మిషన్ తీసుకుంటలేదు. స్టీరింగు పట్టి పట్టి, ఇప్పుడు కొడవలి పట్టి, బొటనవేలు గీతలన్నీ అరిగిపోయినయి. "నేను బతికే ఉన్న అని ఎట్ల చెప్పాలె తమ్మీ?" అన్నడు.

నాకు కొడుకు నేర్పించిండు, ఫోన్లో మొహం చూపించి చేయొచ్చని. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అని రెండు యాపులు వేసుకోవాలె. ముందు చేసేటోని మొహం, తర్వాత పెన్షన్ దారు వివరాలు, ఆధార్ నంబరు, పెన్షన్ ఆర్డర్ మీదుండే పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్‌కు వచ్చే ఓటీపీ. యాప చెట్టు కింద కూసోబెట్టిన. వెనుక నుంచి ఎండ పడి రెండుసార్లు ఫెయిలైంది. అన్నను గోడ దిక్కు జరిపిన, వదినె వెనుక తెల్ల టవలు పట్టుకొని నిలబడ్డది. ఆయన ఫోన్ దిక్కు రెప్ప కొట్టకుండ చూస్తున్నడు, రోడ్డును చూసినట్టే. "ఒక్కసారి కన్నార్పయ్యా" అన్నది వదినె. ఆర్పిండు. పని అయింది. ప్రమాణ్ ఐడీ మెసేజు ఆయన ఫోన్లో టింగుమన్నది. తర్వాతి నెల బకాయితో సహా పైసలు పడ్డయి.

ఆ సంగతి ఒకరి నోట ఒకరికి పోయింది. గవర్నమెంటు పెన్షన్ వాళ్లకు నవంబర్ అని అందరికీ తెలుసు. మన ఈపీఎస్ వాళ్లకు ఏ రోజు ఇస్తే ఆ రోజు నుంచి ఏడాది, ఆ లెక్క చానామంది మరిచిపోతరు. నా ఎస్.ఆర్. బుక్కు వెనుక పేజీల్ల ఇప్పుడు 31 పేర్లున్నయి. పేరు, ఊరు, గడువు నెల. డ్రైవర్లు, కండక్టర్లు, ఇద్దరు మెకానిక్కులు, ఒక చనిపోయిన అన్న భార్య. గడువుకు నెల ముందు పడే బేస్తవారం ఆ ఊర్లో దిగుత. పైసలు తీసుకోను. పల్లీలో, ఆనిగెపుకాయో సంచిలో పెడ్తరు, వద్దంటే బాధపడ్తరు.

కొడుకు హైదరాబాద్ రమ్మంటడు. వాడు పిలిచేది ప్రేమతోనే. కానీ అక్కడ నా మొహం ఎవరికి కావాలె? ఇక్కడ నేను దిగేసరికి స్టాపులో ఎవరో ఒకరు నిలబడి ఉంటరు.

మొన్న బేస్తవారం చెరువు ఊర్లో, అదే కోయిలకొండ అవతల, పేర్ల పని అయ్యేసరికి ఆలస్యమైంది. ఉండిపొమ్మన్నరు. వాకిట్ల నులక మంచం వేసిండ్రు. చెరువు గాలి మొహానికి తగులుతున్నది, ఈ తాప ఎక్కడి నుంచో నాకు తెలుసు. పొద్దుగాల ఐదింటికి నైట్ హాల్ట్ బస్సు స్టార్ట్ అయింది. ఇంజన్ వేడెక్కేదాకా అట్లనే నిలబడ్డది, డోర్ పడ్డది, కండక్టర్ బిడ్డ గొంతు సన్నగా, గట్టిగా వినిపించింది, "రైట్". బస్సు మలుపు తిరిగేదాకా విన్న. తర్వాత దుప్పటి మీదికి లాక్కొని మళ్లా పండుకున్న.